.22 రైఫిల్‌కి బడ్జెట్ స్కోప్: 2-7×32 రిమ్‌ఫైర్ ఎలా ఉందంటే

.22 రైఫిల్‌కి తక్కువ డబ్బుల్లో స్కోప్ వెతికే ప్రతివాడూ ముందు అడిగేది ఎన్ని ఎక్స్ అని, అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని. నన్నడిగితే ఆ అంకెని ఆఖర్న చూడాలి. ముందు చూడాల్సింది పారలాక్స్ (అదేంటో కింద చెప్తాను) ఎన్ని గజాలకి సెట్ చేశారు అని, ఆ తర్వాత మౌంట్, అంటే స్కోపుని రైఫిల్ మీద బిగించే రింగుల సంగతి. నేను వాడుతున్నది వోర్టెక్స్ వాళ్ల క్రాస్‌ఫైర్ 2 సిరీస్‌లో 2-7×32 రిమ్‌ఫైర్ (అంటే .22 లాంటి చిన్న తూటాల కోసం చేసిన) మోడల్, 2 నుంచి 7 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 32 మి.మీ. ఒక అంగుళం ట్యూబు, మామూలు వి-ప్లెక్స్ క్రాస్‌హెయిర్, గురి సర్దే మర క్లిక్కుకి పావు ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఎంఓఏ), పారలాక్స్ 50 గజాలకి ఫిక్స్ చేసి ఉంటుంది. లైట్ వెలగదు, క్రాస్‌హెయిర్ మీద వేరే గీతలూ చుక్కలూ ఏమీ ఉండవు, చూడ్డానికి బోసిగా ఉంటుంది. నాకు నచ్చింది, మళ్లీ కొనాలన్నా ఇదే కొంటాను. రేటు మాత్రం రాయను, షాపుని బట్టి, డాలర్ని బట్టి మారిపోతూ ఉంటుంది.

ఇది లైసెన్సు మీద .22 బోల్ట్ యాక్షన్ ఉండి, ఆదివారం పొద్దున్నే క్లబ్బు రేంజికి వెళ్లి 25, 50 మీటర్లకి సరదాగా కాల్చుకునేవాళ్ల కోసం రాస్తున్నది. పిల్లల్ని పోటీలకి పంపుదామనుకునే అమ్మానాన్నలు స్కోప్ జోలికే రాకండి. నేను చెన్నై మౌంట్ రోడ్డు దగ్గర షాపులో ఉన్నప్పుడు ఒకాయన వాళ్లమ్మాయి కోసం స్కోప్ బేరమాడుతున్నాడు, మాటల్ని బట్టి నెల్లూరు వైపు మనిషి, కౌంటర్ వెనకాల కుర్రాడు మాత్రం ఏమీ ఎరగనట్టు ఒక్కో డబ్బా తీసి చూపిస్తున్నాడు. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రైఫిల్ పోటీల్లో టెలిస్కోప్ పెట్టనివ్వరండీ, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ తోనే కాల్చాలి అని నేనే కల్పించుకుని చెప్పాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చింది అలాంటి సైట్ తోనే, 2012 లండన్‌లో గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం కూడా అంతే. నారంగ్ పుట్టింది ఈ ఊళ్లోనే, పెరిగింది హైదరాబాద్‌లో. ఆ నెల్లూరాయన థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు, ఆ తర్వాత కుర్రాడు నాతో కాస్త ముభావంగానే మాట్లాడాడు, అది వేరే సంగతి.

ఇక పారలాక్స్. స్కోప్ లోపల టార్గెట్ బొమ్మా, క్రాస్‌హెయిరూ ఒకే తలం మీద పడితే మీ కన్ను కాస్త అటూ ఇటూ జరిగినా క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద నుంచి కదలదు. పడకపోతే మాత్రం రైఫిల్ కదలకుండానే గురి జరిగిపోతుంది. పెద్ద తుపాకుల కోసం చేసిన మామూలు స్కోపుల్లో దీన్ని 100 గజాలకో, ఇంకా ఎక్కువకో సెట్ చేస్తారు, ఎందుకంటే వాళ్లు కాల్చేది ఆ దూరాలకే. మనం కాల్చేది 50. 100 గజాలకి సెట్ చేసిన 40 మి.మీ. స్కోపుని 50 గజాల దగ్గర వాడితే, కన్ను పూర్తిగా అంచుకి జరిగినప్పుడు గురి సెంటీమీటరు దాకా తప్పొచ్చు. అంచు దాకా ఎవరూ జరగరులే అంటారేమో, సగం జరిగినా అర సెంటీమీటరు పోయినట్టే. 50 మీటర్ల ఐఎస్ఎస్ఎఫ్ టార్గెట్‌లో పది రింగు వెడల్పే 10.4 మి.మీ. అండీ! గ్రూపు (వరసగా కాల్చిన తూటాల చిల్లుల గుంపు) చెదిరిపోతుంటే చాలామంది తూటాల్ని తిడతారు, ట్రిగ్గర్ని తిడతారు, చెంప ప్రతిసారీ ఒకేచోట ఆనుతోందా లేదా అని మాత్రం చూసుకోరు.

దీన్ని షాపులోనే పరీక్ష చేయొచ్చు, చేయనివ్వకపోతే అక్కడ కొనకండి. ఒట్టి స్కోపు మాత్రమే, రైఫిల్ మీద ఉన్నది కాదు, గుమ్మం దగ్గర ఒక బల్ల మీద మెత్తటి గుడ్డలో కదలకుండా పెట్టి రోడ్డు అవతల యాభై అడుగులేసేంత దూరంలో ఉన్న బోర్డు మీద ఏదో ఒక అక్షరం చూడండి. తమిళ అక్షరాల్లో సున్నాలకీ చుక్కలకీ కొదవ లేదు కాబట్టి మంచి టార్గెట్లే. స్కోపు ముట్టుకోకుండా తల అటూ ఇటూ ఆడించండి. క్రాస్‌హెయిర్ అక్షరం మీద ఈదుతుంటే ఆ దూరానికి అది పనికిరాదు. నేను చూసిన వాటిలో రిమ్‌ఫైర్ అని రాసి ఉన్న మోడళ్లు కదల్లేదు, పేరూ ఊరూ లేని 3-9×40 ఒకటి చక్కగా ఈదింది. రేటు మూడో వంతు కూడా లేదు మరి.

"ఇదే రేటుకి 4-16 వస్తుంది సార్, మీరేంటి 7 దగ్గరే ఆగిపోతున్నారు" అన్నాడు కుర్రాడు. ఆగిపోవడానికి కారణం ఉంది. ముందు అద్దం వెడల్పుని ఎక్స్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం ఎంతో వస్తుంది. 32ని 7తో భాగిస్తే 4.6 మి.మీ. దాకా, 40ని 16తో భాగిస్తే 2.5 మి.మీ. ఆ రెండున్నర మిల్లీమీటర్లలో కన్ను నిలబెట్టడం పెద్ద తలనొప్పి, పైగా చౌక అద్దాల్లో ఆ చివరి ఎక్స్‌లన్నీ మసకే. అదీ కాక చెన్నై ఎండలో పొద్దున పది గంటలు దాటితే నేల మీద నుంచి ఆవిర్లు లేచి టార్గెట్టే వణుకుతుంటుంది, ఎక్స్ పెంచితే ఆ వణుకూ పెద్దదై కనిపిస్తుంది. మే నెలలో నేను 5 దాటి తిప్పను. 50 మీటర్ల దగ్గర తూటా చిల్లు నల్లటి వృత్తంలో కనబడాలంటే 7 కూడా సరిపోదు, నిజమే, దానికి పక్కన స్పాటింగ్ స్కోపు పెట్టుకుంటాను.

క్లిక్కుల విషయంలో ఈ స్కోపు మీద నాకు ఫిర్యాదు లేదు. పావు ఎంఓఏ అంటే 50 మీటర్ల దగ్గర క్లిక్కుకి 3.6 మి.మీ., అంటే మూడు క్లిక్కులకి దాదాపు పది రింగంత జరుగుతుంది. ఎవరి స్కోపైనా ఇలా చూసుకోండి: ఒక గ్రూపు కాల్చి, టరెట్ (గురి సర్దే మర) 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి తిప్పుతూ ప్రతి మూలలో కాల్చండి, గురి మాత్రం మొదటి చోటే పెట్టాలి. ఏడు సెంటీమీటర్ల పైచిలుకు చదరం రావాలి, చివరి గుండ్లు మొదటి గ్రూపులోకే రావాలి. నాది వచ్చింది. మా క్లబ్బులో ఒక పెద్దాయన చౌక స్కోపు చదరం కాదు కదా, ఏ ఆకారానికీ రాలేదు, ఆయన మాత్రం "జీరో అయ్యాక టరెట్ ముట్టుకునేదెవరు బాబూ" అని హాయిగా కాల్చుకుంటున్నారు (గురి పెట్టిన చోటే తూటా పడేలా సర్దుకోవడమే జీరో). అదీ ఒక పద్ధతే, తూటాల బ్రాండు మార్చనంత కాలం. మారిస్తే .22 జీరో మారుతుంది, తప్పదు.

బుష్‌నెల్ వాళ్ల రిమ్‌ఫైర్ 3-9×40 కూడా పక్కనే పెట్టి చూశాను, అదీ 50 గజాల పారలాక్సే, అందులో దూరాన్ని బట్టి గురి పెట్టుకోవడానికి క్రాస్‌హెయిర్ కింద డ్రాప్ జోన్ గీతలు ఉంటాయి. .22ని 50 గజాలకి జీరో చేస్తే 100 గజాల దగ్గర ఆరేడు అంగుళాలు కిందికి పడుతుంది కాబట్టి ఆ గీతలు పనికొచ్చేవే, కానీ మీ తూటా వేగం వాళ్లు అనుకున్న వేగానికి దగ్గరగా ఉంటేనే, జూమ్ వాళ్లు చెప్పిన చోట ఉంటేనే. 100 గజాలు కాల్చే వసతి మనలో ఎంతమందికి ఉంది? నాకు లేదు, అందుకే వదిలేశాను. ఉన్నవాళ్లు తీసుకోండి, మంచి స్కోపే.

ఈ ఊరి గాలి గురించి ఒక మాట చెప్పాలి. ఏసీ కారులోంచి రైఫిల్ బ్యాగు తీసి రేంజిలో తెరవగానే అద్దాలు మంచు పట్టినట్టు అవుతాయి, కంగారు పడొద్దు, బయటి తేమ అది, పది నిమిషాలు ఆగితే పోతుంది. మసక లోపలి వైపు పట్టి తుడిచినా పోకపోతే మాత్రం సీలు పోయినట్టే. నైట్రోజన్ నింపి సీలు చేశామని డబ్బా మీద అందరూ రాస్తారు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో ఎవరిది నిజమో తెలుస్తుంది. డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, లేకపోతే అద్దం మీద ఫంగస్ వస్తుంది, రింగుల స్క్రూలు తుప్పు పడతాయి.

రింగుల దగ్గర పిసినారితనం వద్దు. సీజెడ్ 455, ఆన్‌షుట్జ్ లాంటి .22లకి రిసీవర్ (బోల్ట్ ఉండే భాగం) మీద 11 మి.మీ. డవ్‌టెయిల్, అంటే రింగులు పట్టుకునే గాడి ఉంటుంది, షాపువాళ్లు అలవాటుగా ఇచ్చేవి పికటిన్నీ అనే వెడల్పు పట్టాకి సరిపోయే రింగులు, అవి దాని మీద కూర్చోవు. అడాప్టర్ పెట్టుకోండి సార్ అంటారు, దాంతో స్కోపు ఎత్తయి చెంప ఆనక, మళ్లీ పారలాక్స్ కథ మొదటికొస్తుంది. 32 మి.మీ. అద్దానికి తక్కువ ఎత్తు రింగులు సరిపోతాయి, బోల్ట్ హ్యాండిల్ పైకి లేచినప్పుడు ఐపీస్‌కి (కంటి వైపు అద్దం ఉండే చివరికి) తగలకుండా చూసుకుంటే చాలు.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉన్నవాళ్లు ఇది చదివి ఈ స్కోపే కొనేయకండి. ఆ తుపాకులు ముందు వెనక్కీ తర్వాత ముందుకీ రెండు వైపులా తంతాయి, మామూలు రిమ్‌ఫైర్ స్కోపులో క్రాస్‌హెయిర్ ఊడిపోవచ్చు, 10 మీటర్ల దగ్గర 50 గజాల పారలాక్స్‌తో బొమ్మ కూడా మసకగానే ఉంటుంది. మీరు చూడాల్సింది ఎయిర్‌గన్‌కి అని స్పష్టంగా రాసి, ముందు అద్దం దగ్గర రింగు తిప్పి 10 గజాల దాకా ఫోకస్ తేగలిగేవి, హాక్ వాంటేజ్‌లో ఏఓ మోడళ్ల లాంటివి.