బాబాయి మందు మాన్పించడం: ఓపీయా, అడ్మిషనా?

ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగం ముందే మా ఇంటి వాదన మొదలైంది. బాబాయిని ఓపీలో చూపించి తెచ్చుకుందామా, వార్డులో చేర్పిద్దామా?

ఓపీ తేలిక. చీటీ రాయించుకుని, డాక్టరుకు చూపించి, మాత్రలు తెచ్చుకుంటే సరి. (మందు మాన్పించడానికీ మందులే!) పనికి వెళ్లవచ్చు, నలుగురికీ తెలియదు. కానీ ఆ మాత్రలు పిన్ని దగ్గరుండాలి, ఆయన జేబులో కాదు.

అడ్మిషనంటే ఇంటి మనిషి ఒకరు తోడుండాలి. పిన్నికి అదే టెన్షన్. అయినా పొద్దున్నే చుక్క పడందే టీ గ్లాసు పట్టుకోలేడు బాబాయి. అలాంటివాళ్లు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేనివి కనిపించి కలవరించవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. వార్డులో వణుకు తగ్గే మందు, బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తూ కనిపెట్టుకుని ఉంటారు. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్లకైతే ఓపీ ఊసే వద్దంటాను.

మేం చేర్పించాం. డిశ్చార్జి అయ్యాక ఎలాగూ నెలల తరబడి ఓపీకి తిరగాల్సిందే. ఎటూ తేలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.