పూర్తి రూట్ అధికారం ఉందని అమ్మే సర్వర్ ప్లాన్లతో జాగ్రత్త

కావలి చుట్టుపక్కల రొయ్యల వ్యాపారుల లెక్కల సాఫ్ట్‌వేర్ కోసం, నెల్లూరులోని ఒక రీసెల్లర్ దగ్గర వర్చువల్ సర్వర్ (పెద్ద యంత్రంలో ఒక వాటా) తీసుకుని ఏడాది సొమ్ము ముందే చెల్లించాము. రూట్ అధికారం, అంటే సర్వర్‌పై సర్వాధికారం, పూర్తిగా మీదేననీ, ప్రాసెస్‌ల (ఒకేసారి నడిచే ప్రోగ్రామ్‌ల) పరిమితిని మీకు కావలసినంత పెంచుకోవచ్చుననీ ఆయన హామీ ఇచ్చారు. రూట్ పాస్‌వర్డ్ ఇచ్చిన మాట నిజమే. రెండో హామీ మాత్రం ఉత్త మాటే.

రొయ్యల పట్టుబడి సమయంలో చెరువుల దగ్గరి నుంచి కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో), తూకం వివరాలు అందరూ ఒకేసారి ఎక్కిస్తారు. మా డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్‌ను పుట్టిస్తుంది కనుక, సరిగ్గా ఆ వేళకే కొత్త ప్రాసెస్ సృష్టించలేకపోతున్నానంటూ సర్వర్ మొరాయించేది. వినియోగదారుల వారీ పరిమితులు ఉండే లిమిట్స్.కాన్ఫ్ ఫైలులో ఎన్‌ప్రాక్ (ప్రాసెస్‌ల సంఖ్య) విలువ పెంచి మళ్లీ లాగిన్ అయితే, పరిమితిని చూపే యూలిమిట్ ఆదేశం కొత్త అంకెనే చూపించింది. సర్వీసులను ప్రారంభించి నడిపే సిస్టమ్‌డీ ద్వారా నడిచే సర్వీసులకు ఆ ఫైలు వర్తించదు కాబట్టి, సర్వీసు అమరికలుండే యూనిట్ ఫైలులో లిమిట్‌ఎన్‌ప్రాక్, టాస్క్స్‌మ్యాక్స్ అనే పరిమితులు కూడా పెంచాము. అయినా అదే లోపం, అదీ రూట్ లాగిన్‌లో సైతం వచ్చింది. వినియోగదారుల వారీ పరిమితి రూట్‌ను ఆపదు కనుక, అడ్డు మరెక్కడో ఉందని అప్పుడే తేలిపోయింది.

ప్రాక్ డైరెక్టరీలోని యూజర్_బీన్‌కౌంటర్స్ ఫైలు తెరిస్తే అసలు సంగతి బయటపడింది. ప్రాసెస్‌ల సంఖ్యను చూపే నమ్‌ప్రాక్ వరుసలో చివరి గడి అయిన ఫెయిల్‌కౌంట్ (పరిమితి అడ్డుపడిన సార్ల లెక్క), మాకు లోపం ఎదురైన ప్రతిసారీ పెరుగుతూ వచ్చింది. అంటే ఇది ఓపెన్‌వీజెడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో విడదీసిన కంటైనర్. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) హోస్ట్ యంత్రానిది, పైకప్పు బిగించేదీ ఆ హోస్టే, లోపల మనం ఏ ఫైలు దిద్దినా దాన్ని దాటలేము. పైగా నమ్‌ప్రాక్ లెక్కలోకి థ్రెడ్లు (ఒక ప్రాసెస్‌లోనే సమాంతరంగా సాగే పనులు) కూడా వస్తాయి, కాబట్టి జావా అప్లికేషన్ ఒక్కటి ఉన్నా కోటా చకచకా కరిగిపోతుంది.

ఫిర్యాదు చేస్తే మొదట మా ప్రోగ్రామ్‌నే తప్పుపట్టారు. ఫెయిల్‌కౌంట్ అంకెలు పంపాక పెద్ద ప్లాన్‌కు మారమన్నారు. సొమ్ము వాపసు అడిగితే నిబంధనలు చదువుకోమన్నారు.

చిన్న వెబ్‌సైటుకు కంటైనర్ చక్కగా సరిపోతుంది, దాన్ని తప్పుపట్టడం లేదు. డేటాబేస్ నడపదలచినవారు మాత్రం ఏడాదికి కాక నెలకే చెల్లించి, ముందుగా సర్వర్ ఏ రకమో చెప్పే సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్ ఆదేశం ఇచ్చి చూడండి. కేవీఎం అని వస్తే కెర్నల్ మీ సర్వర్‌కు సొంతం. ఓపెన్‌వీజెడ్ అనో, మరో కంటైనర్ రకమైన ఎల్‌ఎక్స్‌సీ అనో వస్తే, హోస్ట్ వైపు నుంచి ప్రాసెస్‌లకూ థ్రెడ్లకూ కలిపి విధించిన గరిష్ఠ సంఖ్య ఎంతో ఈమెయిలులో రాయించుకుని, ఆ తరువాతే మిగతా సొమ్ము కట్టండి.