అడవిలో నవ్వుల వేట: ‘ఆఫ్రికా స్క్రీమ్స్’ మేలా, ‘రోడ్ టు జాంజిబార్’ మేలా?

ఈ రెండు పాత హాలీవుడ్ కామెడీల్లోనూ గొరిల్లా వేషం వేసింది ఒక్కడే. ఫిలిప్పీన్స్‌లో పుట్టి హాలీవుడ్‌లో మేకప్ కళాకారుడిగా స్థిరపడిన చార్లెస్ జెమోరా. గొరిల్లా తొడుగులు తనే తయారు చేసుకునేవాడు. 1941లో ‘రోడ్ టు జాంజిబార్’లో బాబ్ హోప్‌తో కుస్తీ పట్టాడు. ఎనిమిదేళ్ల తరువాత, 1949లో, ‘ఆఫ్రికా స్క్రీమ్స్’లో లూ కాస్టెల్లోకు ఎదురుపడ్డాడు. రెంటిలోనూ అమెరికాలో వేసిన సెట్ల ఆఫ్రికాయే. రెంటిలోనూ వజ్రాల గొడవ ఉంది, మనుషుల్ని వండుకు తినే తెగ ఉంది, ప్రాణభయంతో పరుగెత్తే ఇద్దరు మిత్రులు ఉన్నారు. ఇంత దగ్గర పోలికలున్నా పాత కామెడీలు ఇష్టపడేవాళ్లు ఈ రెంటి దగ్గర గట్టిగా రెండు జట్లయిపోతారు. నేను రెండూ ఒకటికి రెండుసార్లు చూశాను. నాకు ఒక అభిప్రాయం ఉంది, కారణాలూ ఉన్నాయి.

కథలు క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే ఈ రకం సినిమాలను కథ కోసం ఎవరూ చూడరు. ‘ఆఫ్రికా స్క్రీమ్స్’లో బడ్ ఆబట్, లూ కాస్టెల్లో ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పుస్తకాల విభాగంలో పనిచేస్తుంటారు. ఒక పాత ప్రయాణ గ్రంథంలోని మ్యాప్ కోసం హిలరీ బ్రూక్ వస్తుంది. ఆ మ్యాప్ కాస్టెల్లో బుర్రలో ఉందని ఆబట్ నమ్మబలికి, ఇద్దరూ సఫారీలో చేరిపోతారు. ఆవిడ వెతికేది వజ్రాలని తరువాత తెలుస్తుంది. ‘రోడ్ టు జాంజిబార్’లో బింగ్ క్రాస్బీ, బాబ్ హోప్ ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే మోసకారి జంట. లేని వజ్రాల గనిని ఒకడికి అంటగట్టి పారిపోతుంటే, వీళ్లనే మోసం చేయగల ఆడవాళ్లు ఇద్దరు ఎదురవుతారు. వాళ్లు డొరొతీ లమూర్, ఊనా మెర్కెల్.

అసలు తేడా ఇక్కడ మొదలవుతుంది. ఒక సినిమా కళ్లతో నవ్విస్తుంది, రెండోది చెవులతో నవ్విస్తుంది.

కాస్టెల్లో పాత్రకు పిల్లిపిల్లను చూసినా భయం. అలాంటివాణ్ని సింహాలు, మొసళ్లు, గొరిల్లా ఉన్న అడవిలోకి తోసేశారు. అంతే, సినిమా అంతా ఆ భయం మీదే నడుస్తుంది. గొంతు బిగుసుకుపోయి మాట రాక, చేతులు ఆడిస్తూ, కళ్లు పెద్దవి చేసి, పక్కనున్న స్నేహితుడికి చెప్పాలని చూస్తాడు. ఆ స్నేహితుడు వెనక్కి తిరిగేసరికి జంతువు మాయమై ఉంటుంది. దీనికి భాష అక్కర్లేదు. మన రేలంగి, రమణారెడ్డి జంటను గుర్తు తెచ్చుకోండి. ఒకరు బొద్దుగా, ఒకరు బక్కగా కనిపించగానే మాట మొదలవకముందే హాలు సగం నవ్వేసేది. ఆబట్, కాస్టెల్లోలదీ అదే లెక్క. సన్నగా, గంభీరంగా, పెద్దరికం చేస్తూ ఒకడు, గుండ్రంగా, పసివాడిలా ఒకడు.

జో బెసర్ చేసే నీళ్ల గ్లాసు ముచ్చట చూడండి. మనిషి ఆదరాబాదరా వస్తాడు, గ్లాసు నింపుకుని పరుగెడతాడు. మళ్లీ వస్తాడు, మళ్లీ నింపుకుంటాడు. ఇన్ని నీళ్లేం తాగుతావయ్యా అంటే, తాగడానికి కాదు, తన గుడారం తగలబడుతోందట! ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మా అమ్మకు ఆ చివరి మాట ఒక్కటే నేను చెప్పాల్సి వచ్చింది. అప్పటికే ఆవిడ ఆ పరుగు చూసి నవ్వుతోంది. నా మటుకు నాకు ఈ సినిమా గొప్పతనం అదే.

‘జాంజిబార్’ అలా కాదు. హోప్, క్రాస్బీ ఎడతెగకుండా మాట్లాడుకుంటూనే ఉంటారు, అదీ మాటకు మాట అంటించుకుంటూ, పక్కన జనం ఉన్నారన్న సంగతే పట్టనట్టు. ఆ వేగం రుచి తెలిసినవాళ్లు దీన్ని వదలరు. క్రాస్బీ, లమూర్ పడవలో వెళ్తూ, సినిమాల్లో అడవి మధ్యలో వాయిద్యాలు ఎక్కణ్నుంచి మోగుతాయో అని మాట్లాడుకుంటుంటే నిజంగానే వాయిద్యాలు మోగుతాయి. తన మీద తానే నవ్వుకునే ఈ రకం హాస్యం 1941లో చేశారంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పైగా క్రాస్బీ పాటలున్నాయి. పాటలిష్టం లేనివాళ్లకు అవే అడ్డం అనిపిస్తాయి, గొరిల్లా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే పిల్లలకైతే మరీ. పారమౌంట్ పెద్ద స్టూడియో కాబట్టి సినిమా నిగనిగలాడుతూ ఉంటుంది. విక్టర్ షెర్ట్‌జింగర్ దర్శకత్వంలో కథ కూడా దీనిదే కాస్త బిగువుగా ఉంటుంది.

మరి ‘ఆఫ్రికా స్క్రీమ్స్’ను తీసిపారేసేవాళ్లు ఏమంటారు? కథ వదులుగా ఉందంటారు, అది నిజమే. దీని దర్శకుడు చార్లెస్ బార్టన్ అంతకు ముందు ఏడాది ఇదే జంటతో తీసిన ‘ఆబట్ అండ్ కాస్టెల్లో మీట్ ఫ్రాంకెన్‌స్టైన్’ ముందు నిలవదంటారు, అదీ నిజమే. సినిమా మసకగా, చీకటిగా, గరగరమనే శబ్దంతో ఉందంటారు. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. అది సినిమా తప్పు కాదు, ప్రింట్ తప్పు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం 28 ఏళ్లకు కాపీరైట్‌ను రెన్యూ చేయాలి. దీనికి ఎవరూ చేయలేదు. దాంతో ఇది అందరి సొత్తయింది. దొరికిన పాత ప్రింట్ నుంచి ఒకరు కాపీ తీస్తే, ఆ కాపీ నుంచి ఇంకొకరు తీసి చవక వీడియోలుగా అమ్మారు. కొన్ని తరాల ప్రేక్షకులు చూసింది ఆ కాపీల కాపీలనే. కాస్టెల్లో హాస్యమంతా ముఖంలో ఉంటుంది. ఆ ముఖమే అలుక్కుపోతే నవ్వు ఎక్కణ్నుంచి వస్తుంది? 2020లో అభిమానులు ఇచ్చిన చందాలతో దీన్ని శుభ్రం చేసి బ్లూరేగా తెచ్చారు. ఆ ప్రతిలో చూసి చెప్పే అభిప్రాయాన్నే నేను లెక్కలోకి తీసుకుంటాను. ఉచితంగా దొరుకుతుంది కదా అని ఏదో ఒక మసక కాపీ పెట్టుకుని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టకండి.

ఈ సినిమాకున్న ఇంకో బలం పక్క వేషాలు. 1934లో హెవీవెయిట్ ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయిన మాక్స్ బేర్, తమ్ముడు బడీ బేర్‌తో కలిసి కండల వీరుడిగా కనిపిస్తాడు. సర్కస్‌లో సింహాలను ఆడించిన క్లైడ్ బీటీ, అడవి జంతువులను ప్రాణాలతో పట్టి తెచ్చి పేరు తెచ్చుకున్న ఫ్రాంక్ బక్ తమ సొంత పేర్లతోనే నటించారు. చూపు సరిగా ఆనని గురికాడుగా షెంప్ హోవర్డ్ ఉన్నాడు. ‘త్రీ స్టూజెస్’ అనే ముగ్గురు హాస్యనటుల జట్టు అభిమానులకు ఇది పండగే, ఎందుకంటే అప్పటికే ఆ ముగ్గురిలో ఒకడైన షెంప్, ఆయన పోయాక ఆ చోటుకు వచ్చిన బెసర్, ఇద్దరూ ఇందులో ఉన్నారు.

రెండు సినిమాల్లోనూ నన్ను ఇబ్బంది పెట్టేది ఆఫ్రికా మనుషుల్ని చూపించిన తీరు. అక్కడివాళ్లంటే కుండ పొయ్యి మీద పెట్టుకుని కూర్చునే ఆటవికులే అన్నట్టు చూపించారు. ఆనాటి హాలీవుడ్‌లో ఇది మామూలే, కానీ మామూలు కాబట్టి సరే అనలేం. ఇందులో ‘జాంజిబార్’కు రవ్వంత మార్కు ఎక్కువ వేస్తాను. అక్కడ తెగవాళ్లు తమ భాషలో మాట్లాడుకునేది కింద అచ్చు అమెరికన్ వీధి ఇంగ్లీషులో అక్షరాలుగా పడుతుంది. వచ్చినవాడు దేవుడైతే నేను మిక్కీ మౌస్‌నే అంటాడు వాళ్లలో ఒకడు. ఎదుటివాళ్లను మూర్ఖులనుకున్న హీరోల కంటే వాళ్లే తెలివైనవాళ్లని ఆ ఒక్క మాటతో తేలిపోతుంది. అయినా పిల్లలతో చూస్తే మాత్రం, ఏ సినిమా పెట్టినా, ఇది నిజమైన ఆఫ్రికా కాదని ముందే చెప్పండి. నేను చెప్పాను, వాళ్లు చక్కగా అర్థం చేసుకున్నారు.

ఈ చర్చలో 1970 నాటి బ్రిటిష్ సినిమా ‘క్యారీ ఆన్ అప్ ది జంగిల్’ను కూడా కొందరు కలుపుతారు. అది రంగుల సినిమా, ద్వంద్వార్థాల మీద నడిచేది. నల్లజాతి గైడు పాత్రను తెల్లజాతి నటుడికి రంగు పూసి వేయించారు. ఇంట్లో అందరూ కలిసి చూసేది కాదు, అందుకే పక్కన పెట్టేశాను.

ఒక్కటే చూడాలంటే నా ఓటు ‘ఆఫ్రికా స్క్రీమ్స్’కే. గంటా ఇరవై నిమిషాలలోపే అయిపోతుంది, సబ్‌టైటిల్స్ చదవాలన్న టెన్షన్ ఉండదు, ఆరేళ్ల పిల్లాడు, అరవై ఏళ్ల అమ్మమ్మ ఒకే చోట నవ్వుతారు. ఇంగ్లీషు బాగా వచ్చి, మాటల విసుర్లు ఇష్టపడేవాళ్లయితే ‘జాంజిబార్’ను ఇంకో రోజు రాత్రి నింపాదిగా, ఒంటరిగానో సాటి అభిమానితోనో చూడండి. మొదట ‘ఆఫ్రికా స్క్రీమ్స్’, తరువాత ‘జాంజిబార్’ చూస్తే ఇంకో లాభం కూడా ఉంది. ఆ గొరిల్లా నడక అప్పటికి బాగా పరిచయమై ఉంటుంది. హోప్ మీదికి దూకేది ఆ జెమోరాయేనని మీ పిల్లలే చూపిస్తారు.