విమానం నడపడం నేర్చుకోవాలంటే చిన్న ఎయిర్‌ఫీల్డా, పెద్ద ఎయిర్‌పోర్టా?

ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) పెట్టిన కనీస అనుభవం 40 గంటలు. విమానం టేకాఫ్ కోసం కదిలినప్పటి నుంచి తిరిగొచ్చి ఆగేదాకా అంతా ఈ లెక్కలోకే వస్తుంది. క్యూలో నిలబడిన సమయం కూడా. ఫీజు కట్టేముందు దీని గురించి ఆలోచించాలి.

పెద్ద ఎయిర్‌పోర్టులో ట్యాక్సీవేలు (రన్‌వే దాకా తీసుకెళ్లే దారులు) పొడవు, వరుసలో జెట్‌లు. భారీ విమానం వెళ్లాక దాని రెక్కల వెనక లేచే సుడిగాలులు సద్దుమణగాలని సెస్నా 172 లాంటి తేలిక విమానాన్ని 2 నిమిషాలు ఆపుతారు. రన్‌వే మధ్య నుంచి బయల్దేరితే 3 నిమిషాలు. చిన్న ఫీల్డులో ఆ బాధ లేదు. దిగడం, మళ్లీ పవర్ ఇచ్చి లేవడం, రన్‌వే చుట్టూ సర్క్యూట్ తిరిగి మళ్లీ దిగడం. ల్యాండింగ్ చేతికి వచ్చేది అలా వెంటవెంటనే చేస్తేనే. పైగా 3 కిలోమీటర్ల రన్‌వే మీద వేగం ఎక్కువైనా తేలుతూ తేలుతూ ఎక్కడో ఒకచోట దిగిపోవచ్చు. 800 మీటర్ల రన్‌వే ఆ తప్పును క్షమించదు. వేగం మీద క్రమశిక్షణ నాకు తెలిసి అక్కడే వస్తుంది.

రేడియో విషయంలో పెద్ద ఎయిర్‌పోర్టుదే పైచేయి. కంట్రోల్ టవర్ చెప్పింది విని, తప్పు లేకుండా తిరిగి చెప్పడం మొదట్లోనే అలవాటవుతుంది. టవర్ లేని చోట మన స్థానం మనమే ప్రకటించుకుంటూ కళ్లతో ఆకాశం వెతకాలి. అదీ అవసరమే. కానీ అదొక్కటే వచ్చినవాళ్లు తర్వాత మైక్ పట్టుకోవడానికే జంకుతారు.

ఇక భద్రత. కంచె, కార్డు, స్కానర్ ఉన్నచోటే క్షేమమని చాలామంది నమ్మకం. ప్రయాణికుల జనసందోహానికి అవి తప్పనిసరి, కాదనను. అయితే 2018లో అమెరికాలోని సియాటిల్-టకోమా ఎయిర్‌పోర్టు నుంచి ఖాళీ విమానాన్ని ఎత్తుకెళ్లి కూలిపోయినవాడు లోపలికి వెళ్లే హక్కున్న గ్రౌండ్ ఉద్యోగే. 2002లో ఫ్లోరిడాలో 15 ఏళ్ల విద్యార్థి అనుమతి లేకుండా సెస్నాతో ఎగిరి టాంపాలో ఒక భవనాన్ని ఢీకొన్నదీ టవర్ ఉన్న ఎయిర్‌పోర్టు నుంచే. ఎగిరేముందు విమానాన్ని తనిఖీ చేసుకొమ్మని అతన్ని దాని దగ్గర వదిలారు. ఈ రెండు చోట్లా కార్డు చూడటం కాదు, మనిషిని గమనించడం కావాల్సింది. అందరూ ఒకరినొకరు ఎరిగిన చిన్న ఫీల్డులో కొత్త ముఖం వెంటనే తెలుస్తుంది, విద్యార్థి దిగులుగా ఉన్నా తెలుస్తుంది. రాత్రిపూట మనుషులుండరు. అక్కడే అది బలహీనం.

నా ఓటు చిన్న ఫీల్డుకే, సోలో (మొదటిసారి ఒంటరిగా ఎగరడం) దాకా. ఆ తర్వాత టవర్ ఉన్న చోటికి పదేపదే వెళ్లి రావాలి. ఎయిర్‌లైన్ ఉద్యోగమే లక్ష్యమైతే సోలో అవగానే పెద్ద ఎయిర్‌పోర్టుకు మారినా మంచిదే. స్కూలు ఏదైనా చేరేముందు రెండు అడగండి: గంటకు సగటున ఎన్ని ల్యాండింగ్‌లు చేయిస్తారు, సాయంత్రం విమానాల తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి.