ఇరుకు పార్కింగుకు ఏ ఆఫ్‌రోడ్ కారవాన్ మేలు: టియర్‌డ్రాపా, హైబ్రిడ్డా, పాప్‌టాపా?

ఆఫ్‌రోడ్ కారవాన్ అంటే రోడ్డు లేని నేలలోనూ వాహనం వెనుక లాక్కుపోగల చక్రాల ఇల్లు. అందులో టియర్‌డ్రాప్ అంటే పడకగది మాత్రమే ఉండి, వెనుక మూత కింద వంటగది గల చిన్న బండి. హైబ్రిడ్ అంటే గట్టి గోడలతో పాటు, బయటకు జరిగే గుడారపు గుడ్డ భాగం కూడా ఉన్నది. పాప్‌టాప్ అంటే ప్రయాణంలో కప్పు దించి, ఆగాక పైకి లేపేది. ఇరుకైన చోట నిలుపుకోవడానికి ఇలాంటి కారవాన్ కొనదలచినవారు ఎక్కువగా దాని పొడవును చూసి మొదలుపెడతారు. నా దృష్టిలో మొదట చూడవలసింది వెడల్పు. అది ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, అందులో మనుషులకు దక్కేది ఎంత, చక్రాలకు పోయేది ఎంత అన్నది కూడా తేల్చుకోవాలి. ఈ లెక్క చూడకుండా బయటి ఆకారం చిన్నదిగా కనిపించిందని కొన్న బండి, పెద్దదిగా కనిపించే మరో బండి పట్టే చోటునే ఆక్రమించవచ్చు.

కారవాన్ గదిని చక్రాల మధ్య అమర్చడం ఒక పద్ధతి, చక్రాల మీదుగా పరచడం మరొక పద్ధతి. టియర్‌డ్రాప్ ట్రైలర్లలో చాలావరకు మొదటి పద్ధతే కనిపిస్తుంది: గది నేలకు దగ్గరగా కూర్చుంటుంది, చక్రాలూ మడ్‌గార్డులూ దానికి ఇరువైపులా బయటకు వస్తాయి. ఈ ట్రైలర్లలో 4 అడుగుల గది, 5 అడుగుల గది అనే రెండు కొలతలు ఎప్పటినుంచో వాడుకలో ఉన్నాయి. అంటే 1.22 మీటర్లు, 1.52 మీటర్లు. ఆఫ్‌రోడ్ టైరుకు, దాని పక్క ఖాళీకి, మడ్‌గార్డుకు కలిపి ఒక్కో వైపు సుమారు 30 సెంటీమీటర్లు వేసుకుంటే మొదటిది దాదాపు 1.8 మీటర్లకు, రెండవది 2.1 మీటర్లకు చేరుతుంది. సాధారణ డబుల్ మంచం 1.37 మీటర్ల వెడల్పు ఉంటుంది కనుక, 4 అడుగుల గదిలో ఇద్దరు పడుకోవడం ఇరుకే. పోనీ 5 అడుగుల గది తీసుకుందామంటే, 2.1 మీటర్ల చోటిచ్చి ఒక మంచం మాత్రమే పొందినట్లవుతుంది.

హైబ్రిడ్లలోనూ పాప్‌టాప్‌లలోనూ ఎక్కువగా రెండవ పద్ధతి ఉంటుంది. గోడలు చక్రాలను దాటి బయటి అంచు వరకు వస్తాయి కాబట్టి, 2 మీటర్ల బండిలో గోడల మందం పోగా మిగిలిన వెడల్పంతా నివాసానికే దక్కుతుంది. దీనికి చెల్లించవలసిన మూల్యం ఎత్తు. ఆఫ్‌రోడ్ టైరు వ్యాసం 75 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, గతుకులలో అది పైకి లేచే దూరం కూడా కావాలి. అందువల్ల నేల పలకను పైకెత్తాలి, లేదా చక్రాల గూళ్లను గదిలోకి రానివ్వాలి. వెడల్పులో ఆదా చేసినది ఎత్తులో ఖర్చవుతుంది. కనుక నిలిపే చోటు మీద కప్పు ఉందా లేదా అన్న ప్రశ్నతోనే ఈ ఎంపిక సగం తేలిపోతుంది.

కప్పు ఉండి, పార్కింగు తలుపు ఎత్తు 2.1 మీటర్ల దరిదాపుల్లో ఉంటే టియర్‌డ్రాప్‌కు పోటీ దాదాపు లేదు. పై క్యారియర్, దాని మీది గుడారం పెట్టుకోనంతవరకు అది లోపలికి వెళ్లే అవకాశం ఎక్కువ. ఆఫ్‌రోడ్ పాప్‌టాప్ కప్పు దించినా సాధారణంగా 2.4 మీటర్లు దాటుతుంది. హైబ్రిడ్లలో తక్కువ ఎత్తువి ఉన్నా, ప్రతి నమూనాను టైర్లలో పూర్తి గాలి నింపి కొలిస్తే తప్ప నమ్మకూడదు. మూసిన గదిలో నిలిపేటప్పుడు గ్యాస్ సిలిండర్లను తీసి గాలి ఆడే చోట బయట ఉంచాలి, ఇది ఏ రకానికైనా తప్పదు.

కప్పు లేని చోటయితే నా ఓటు హైబ్రిడ్‌కే. చక్రాల మీదుగా గది, బస చేసే చోట బయటకు జరిగే మంచం, పక్క నుంచి లాగే వంటగది ఉండటంతో పొడవు కూడా తగ్గుతుంది. కారుకు కేటాయించే చోటు చాలాచోట్ల 2.4 నుంచి 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్లకు అటూ ఇటూ పొడవు ఉంటుంది. కారుకు తగిలించే ముందు కడ్డీ, అంటే డ్రాబార్ ఒక్కటే 1.2 మీటర్లు, అంతకు మించి కూడా తీసుకుంటుంది కనుక 4 మీటర్ల గది గల పాప్‌టాప్ అక్కడ ముక్కు బయటపెట్టే నిలుస్తుంది. పాప్‌టాప్‌కు ఉన్న పెద్ద గుణం వేరు: ఏమీ జరపకుండా, కప్పు లేపగానే నిలబడి తిరగగలిగే ఇల్లు సిద్ధమవుతుంది. వర్షపు రాత్రి ఆలస్యంగా చేరినవారికి దాని విలువ చాలా ఎక్కువ. హైబ్రిడ్‌లో గుడారపు గుడ్డ తడిస్తే ఇంటికి వచ్చాక ఆరబెట్టాలి, మంచాన్ని బయటకు జరిపేందుకు ఇరుకు పార్కింగులో చోటుండదు. గుడ్డ భాగం ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది.

తలుపు ఎటు ఉందన్నది చిన్న విషయంగా కనబడుతుంది కానీ, రోజువారీ సౌకర్యాన్ని నిర్ణయించేది అదే. 2 మీటర్ల బండిని 2.5 మీటర్ల చోట మధ్యలో నిలిపితే ఒక్కో పక్క 25 సెంటీమీటర్లే మిగులుతాయి, పక్క తలుపు తెరుచుకోదు. ఒక గోడకు పూర్తిగా ఆనించినా మనిషి పక్కగా దూరవలసిందే. టియర్‌డ్రాప్‌కు తలుపులు పక్కనే ఉంటాయి, వెనుక వంటగది మూత పైకి తెరవడానికి వెనకాల ఖాళీ కావాలి. వెనుక తలుపు గల హైబ్రిడ్ అయితే, వెనుక భాగం దారివైపు ఉండేలా నిలిపినప్పుడు లోపలికి సామాను సర్దుకోవడం సుఖంగా సాగుతుంది. అలా నిలపాలంటే కారుతో వెనక్కి నెట్టడం కుదరదు, విడదీసి ముక్కు ముందుగా లోపలికి తోయాలి.

ఆ తోయడం కోసమే ఒంటి ఇరుసు బండి కావాలంటాను. రెండు ఇరుసులవి ఉన్నచోట తిరగవు, టైర్లు నేలను రాసుకుంటూ మొరాయిస్తాయి. టియర్‌డ్రాప్‌ను సమతలమైన కాంక్రీటు మీద ఇద్దరు తోయగలరు. 1,500 కిలోల హైబ్రిడ్‌కు, కాస్త వాలు ఉన్నా, మోటారు సాయం తప్పనిసరి. టైర్లకు ఒత్తుకుని తిప్పే మూవర్లకు ఆఫ్‌రోడ్ సస్పెన్షన్ చేతుల దగ్గర బిగించే చోటు దొరకకపోవచ్చు, అప్పుడు మోటారు గల జాకీ వీల్‌ను, అంటే బండి ముందు భాగాన్ని మోసే చిన్న చక్రాన్ని చూడాలి. బండి బరువులో పదో వంతు ముందు భాగం మీద పడితే జాకీ వీల్ 150 కిలోలు మోయాలి, మెత్తటి నేలలో అది దిగబడుతుంది.

ఇక రోడ్డు లేని నేలలో ఏది మేలన్న సంగతి. లాగే వాహనం చక్రాల గాడిలోనే కారవాన్ చక్రాలూ నడవాలి. ఫోర్‌వీల్ వాహనాలలో ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం ఎక్కువగా 1.5 నుంచి 1.6 మీటర్లు ఉంటుంది. 4 అడుగుల టియర్‌డ్రాప్ దీనికి సరిపోతుంది. 5 అడుగులదానికి చక్రాలు దాదాపు 1.8 మీటర్ల దూరంలో పడి, గాడి బయట, ఇసుకలో కొత్త దారి తొక్కుతూ లాగుడు భారాన్ని పెంచుతాయి. గది చక్రాల మీదుగా ఉన్న బండికి ఆ దూరాన్ని వాహనానికి సరిపోల్చుకునే వీలుంది. అయితే ఎత్తయిన బండికి చక్రాల దూరం తగ్గేకొద్దీ పక్క వాలులో ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. కనుక నీటి ట్యాంకు నేల కింద, ఇరుసుకు దగ్గరగా ఉన్న నమూనానే తీసుకోవాలి. 100 లీటర్ల నీరు అంటే 100 కిలోల బరువు, అది కింద ఉంటే మేలు చేస్తుంది, పైన ఉంటే కీడు చేస్తుంది.

చోటు వెడల్పు 2.3 మీటర్ల కన్నా తక్కువైతే హైబ్రిడ్ ఆశ వదులుకుని 4 అడుగుల టియర్‌డ్రాప్‌కే రావాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే, డబ్బు కట్టేముందు మడిచిన ఆనింగు (పక్కన పరిచే నీడ గుడ్డ), మెట్టు, మడ్‌గార్డు అన్నీ కలిపిన అసలు కొలతను తయారీదారు కాగితం మీద కాకుండా బండి మీదనే టేపు పెట్టి తీసుకుని, ఆ దీర్ఘచతురస్రాన్ని పార్కింగు నేల మీద సుద్దతో గీయాలి. గేటు రెక్క దానికి తగలకుండా తెరుచుకుంటుందేమో, మలుపులో వెనుక భాగం గోడ వైపు ఎంత విసురుకుంటుందో కూడా అక్కడే చూసుకోవాలి.