కుక్క కంటికి డోర్జోలమైడ్–టిమోలాల్ చుక్కలు: దేనికి పనికొస్తాయి, దేనికి రావు

మనుషుల నీటికాసుల (గ్లకోమా, అంటే కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు) కోసం తయారైన 5 మి.లీ. సీసా ఇది. పశువైద్యులు కుక్కలకూ ఇదే రాస్తారు. ఇందులో డోర్జోలమైడ్ 2 శాతం, టిమోలాల్ 0.5 శాతం. రెండూ కంట్లో ఊరే నీటిని తగ్గించేవే, నీరు బయటికి పోయే దారిని తెరిచేవి కావు. కుక్కల్లో గొడవంతా ఆ దారి దగ్గరే. కాకర్ స్పానియల్, బాసెట్ హౌండ్ వంటి జాతుల్లో ఆ దారిలోని జల్లెడ పుట్టుకతోనే సరిగా ఏర్పడదు. మిగతా కుక్కల్లో కటకం (లెన్స్) జారడమో, లోపలి వాపో, కణితో దాన్ని మూసేస్తుంది.

అందుకే, మామూలుగా 10–25 మి.మీ. పాదరసం ఉండే కంటి ఒత్తిడి 50 దాటి, కన్ను ఎర్రబడి, నల్లగుడ్డు మీద నీలి మసక కమ్మిన రోజు ఈ సీసా ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఒకటి రెండు రోజుల్లోనే చూపు పోవచ్చు. ఆ పూట కావలసింది ఆసుపత్రిలో లాటనోప్రోస్ట్ చుక్క, అవసరమైతే నరంలోకి మానిటాల్. లాటనోప్రోస్ట్ మన దగ్గర ఉన్నా సొంతంగా వేయొద్దు: కటకం ముందుకు జారి ఉంటే, కంటిపాప ముడుచుకుని ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

ఈ మందు అసలు విలువ రెండో కంటి దగ్గర తెలుస్తుంది. జాతిని బట్టి వచ్చే గ్లకోమా ఒక కంటితో ఆగదు. చుక్కలు లేకుంటే రెండో కంటికి సగటున ఎనిమిది నెలల్లో వచ్చే జబ్బు, కన్ను బాగున్నప్పుడే చుక్కలు మొదలుపెడితే దాదాపు రెండున్నరేళ్లకు గానీ రాలేదని తేలింది. ఆ లెక్క ఈ మందుది కాదు, బీటాక్సొలాల్, డెమెకేరియం అనే వేరే చుక్కలది. అయితే టిమోలాల్ కూడా బీటాక్సొలాల్ కోవకే చెందుతుంది. చూపు పోయి, ఉబ్బి, నొప్పి పెడుతున్న కంటికి మాత్రం నెలనెలా సీసాలు కొనడం దండగ. ఆ కన్ను తీయించేస్తేనే కుక్కకు సుఖం.

లోపాలూ ఉన్నాయి. మందు పులుపు గుణం వల్ల కన్ను మండి, కుక్క కాలితో రుద్దుకుంటుంది. మరీ గొడవ చేస్తే బ్రింజోలమైడ్ అడగండి, అది అంతగా మండదు. టిమోలాల్ రక్తంలో కలిసి గుండెను నెమ్మదింపజేస్తుంది. చిన్న కుక్కలకు, గుండెజబ్బో ఆయాసమో ఉన్నవాటికి ఒట్టి డోర్జోలమైడే మేలు.

వేసేటప్పుడు మూతి కాస్త పైకెత్తి, వెనక నుంచి చెయ్యి తెచ్చి, సీసా మొన కంటికి తగలకుండా ఒకే చుక్క వేయాలి. రెండో చుక్క చెంప మీదికే కారిపోతుంది. ఇంకో మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగాలి. మెడ పట్టీ లాగితే కంటి ఒత్తిడి పెరుగుతుంది, ఛాతీ పట్టీ కొనండి. మోతాదు సాధారణంగా ఎనిమిది గంటలకోసారి. రెండు కళ్లకైతే రోజుకు ఆరు చుక్కలు, సీసా దాదాపు మూడు వారాలే వస్తుంది. ఒక కంటికైతే 28 రోజులకు మందు మిగిలే ఉంటుంది గానీ, మూత తీసిన తేదీ సీసా మీద రాసుకుని ఆ 28 రోజుల గడువు దాటగానే పారేయాలి.