కరెన్సీకో రంగు: మూడు మామిడి సీజన్లు వాడాక

చిత్తూరు పక్కన ఒక పల్ప్ ఫ్యాక్టరీలో నేను లెక్కలు రాస్తాను. తోతాపురి కాయకు రైతులకిచ్చేది రూపాయల్లో. డ్రమ్ముల్లో నింపిన పల్ప్ చెన్నై పోర్టు దాటాక రావాల్సింది డాలర్లలో, యూరోల్లో, దిర్హాముల్లో. అంతా ఒకే ఎక్సెల్ షీట్. అందుకే కరెన్సీని బట్టి రంగు పడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టుకున్నాను: డాలర్ ఆకుపచ్చ, యూరో నీలం, దిర్హాం పసుపు. మొదటి ఏడాది కనబడిన ప్రతివాళ్లకూ దీని గురించి గొప్పగా చెప్పాను.

పెట్టేటప్పుడే సగం రోజు పోయింది. $ ఉన్న గడికి ఆకుపచ్చ వేయమంటే ఒక్క గడీ కదల్లేదు. ఆ గుర్తు గడి తొడుక్కున్న చొక్కా లాంటిది, లోపల ఉన్నది ఉత్త 18500. రూలు చొక్కాను చూడదు. గూగుల్ షీట్స్‌లో టూ టెక్స్ట్ ఫంక్షన్ గుర్తుతో సహా చదువుతుంది కానీ మా ఆఫీసులో ఎక్సెలే. చివరికి కరెన్సీ కోడ్‌కి (USD, EUR, AED లాంటి మూడక్షరాల పేరు) విడిగా ఒక కాలమ్ పెట్టి, దాన్ని చూసే ఫార్ములా రాశాను. అందులో కాలమ్ అక్షరం ముందు $ పెట్టడం మరిచిపోతే వరుసలో మొదటి గడికి మాత్రమే రంగు పడుతుంది. ఆ $ కాలమ్‌ని కదలకుండా పట్టి ఉంచే గుర్తు, దానికీ డబ్బుకీ ఏ సంబంధమూ లేదు, అదొక విచిత్రం.

అసలు దెబ్బ పోయిన జులైలో తగిలింది. గేటు బయట కాయ ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మా సారు ఫోన్ చేసి, "ఆ గల్ఫ్ పార్టీ బాకీ ఎంతయ్యా?" అన్నారు. యార్డులోనే నిలబడి ఫోన్‌లో షీట్ తెరిచాను. 42,000. గడి తెల్లగా ఉంది. సగానికి పైగా వరుసలు రూపాయలవే కదా అని రూపాయికి నేను రంగే వేయలేదు. తెలుపంటే రూపాయి. కోడ్ కాలమ్ స్క్రీన్ బయట ఉండిపోయింది. శాంపిళ్ల కొరియర్ ఖర్చు రూపాయల్లోనే రాస్తాం, అదే అనుకుని, "నలభై రెండు వేలే సార్" అన్నాను. "సరే, సీజన్ అయ్యాక చూద్దాంలే" అన్నారు.

నెలాఖరుకు బ్యాంకు కాగితాలతో సరిచూస్తే అవి దిర్హాములు. తొమ్మిది లక్షలకు పైగా డబ్బు! మెయిల్‌లోంచి కాపీ చేసినప్పుడు కోడ్ వెనక ఒక ఖాళీ (స్పేస్) అంటుకుని వచ్చింది. కోడ్‌ని చిన్న అక్షరాల్లో రాసినా ఎక్సెల్ ఊరుకుంటుంది గానీ, కంటికి కనబడని ఆ ఒక్క ఖాళీని మాత్రం ఒప్పుకోదు. దిర్హాముల మొత్తం కట్టే సమ్ ఇఫ్ ఫార్ములా కూడా వెతికేది ఆ కోడ్‌నే, కాబట్టి అక్కడా ఈ వరుస లెక్కలోకి రాలేదు. రెండుచోట్లా ఒకే తప్పు, ఎక్కడా ఎర్రర్ లేదు.

ఆ రాత్రే రూపాయికి లేత గంధం రంగు వేశాను. ఇప్పుడు తెల్లగా మిగిలిందంటే ఏ రూలుకూ అందని వరుస అని అర్థం. ఈ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది.

కోడ్ కాలమ్‌కి డ్రాప్‌డౌన్ కూడా పెట్టాను, అంటే జాబితాలో ఉన్న కోడే ఎంచుకోవాలి. చేత్తో కొట్టినప్పుడు ఆపుతుంది, పేస్ట్ చేస్తే మాత్రం ఏమీ అనదు. వరుసలు కాపీ చేసిన కొద్దీ రూళ్లు ముక్కలవుతాయి. నాలుగు కాస్తా సీజన్ చివరికి ముప్పై దాటాయి, అన్నీ తీసేసి మళ్లీ రాసుకున్నాను. ఇక మా ఆడిటర్‌కి బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ కావాలి. అందులో నా పసుపూ ఆకుపచ్చా రెండూ ఒకే బూడిద రంగు.

అయినా తీసేయలేదు. షీట్ ముట్టుకునేది నేనొక్కడినే, వరుసలు నాలుగైదు వందలు మించవు, కాబట్టి నాకు సరిపోతోంది. ముగ్గురు నలుగురు చేతులు పెట్టే షీట్‌కైతే నేను పూచీ పడలేను. సారు ఇప్పుడు ఫోన్‌లో అంకె చెప్పగానే, "ఏ రంగయ్యా?" అంటున్నారు. నేను స్క్రీన్ పక్కకి జరిపి కోడ్ చదివి చెబుతున్నాను.